పరుగూ, పరదా

మా ఇంట్లో ఆడపిల్లల చదువుపై ఎన్నడూ వాదన రాలేదు. అమ్మాయి జిల్లాస్థాయి పరుగు పందేనికి ఎంపికైనప్పుడు మాత్రం వచ్చింది. "మరి పరదా?" అన్నారు నానీమా. గౌరవించదగిన ప్రశ్నే.

అప్పుడు మేము రుఖయా అల్ గస్రా గురించి చెప్పుకొన్నాము. బహ్రెయిన్‌కు చెందిన ఆ సోదరి తలనూ, దేహాన్నీ కప్పుకొనే పరుగెత్తారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 200 మీటర్లలో స్వర్ణం, 100 మీటర్లలో కాంస్యం సాధించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దేశ పతాకం మోసి, 200 మీటర్ల సెమీఫైనల్‌కు చేరారు.

2024 పారిస్‌లో అఫ్గాన్ సోదరి కిమియా యూసోఫీ 100 మీటర్లను 13.42 సెకన్లలో, తమ హీట్‌లో చివరగా ముగించారు. అయినా నంబరు పట్టీ వెనుక రాసుకొన్న 'విద్య, మా హక్కులు' అన్న మాటను లోకానికి చూపారు. అక్కడే ఫ్రాన్సు క్రీడాకారిణులకు హిజాబ్ నిషేధించారు. ఒకచోట ఆట వద్దన్నారు, మరొకచోట వస్త్రం వద్దన్నారు. ఆమె మాట ఎవరూ అడగలేదు.

దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, మొదటిసారి ఆమే గెలిచారనీ హదీసులో ఉంది. హద్దులు కాపాడడం మన బాధ్యత. ఆ హద్దుల్లోనే మన బిడ్డలకు దారి వెదకడమూ మన బాధ్యతే. "కుదరదు" అనేముందు, ఎలా కుదురుతుందో కుటుంబమంతా కూర్చుని ఆలోచిద్దాం.