ఇంగ్లండులో కిరాయి ఇల్లు, చేతిలో కాయితం

చదువు కోసం వచ్చి లీడ్స్‌లో నలుగురం ఒకే కిరాయింట్లో ఉంటున్నం.

1918లో ఇంగ్లండు, వేల్స్‌లో నాలుగిండ్లకు మూడు కిరాయివే. 1980 చట్టంతో, కౌన్సిళ్లు కట్టిన ఇండ్లను అందులో ఉండేవాళ్లే తగ్గింపు ధరకు కొనుక్కున్నారు. పోయినన్ని మళ్లీ కట్టలేదు. మాలాంటోళ్లకు ప్రైవేటు ఓనర్లే దిక్కు.

1988 చట్టం ప్రకారం ఓనరు కారణం చెప్పకుండానే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే వీలుండేది. కిరాయిదార్లు ఏండ్లకేండ్లు కొట్లాడితే 2025 చట్టం ఆ పద్ధతిని తీసేసింది.

మా పాత ఓనరు అడ్వాన్సు తిరిగి ఇయ్యనన్నడు. దాన్ని 30 రోజుల్లో సర్కారు గుర్తించిన స్కీములో పెట్టాలి, లేకుంటే మూడింతల దాకా కట్టాల్సి రావొచ్చు. ఆ రూలు చూపించినంక ఇచ్చిండు.

పోడు పట్టా కోసం మన నాయినలు తిరిగిన తిరుగుడు చూసినోళ్లం. ఇక్కడికొచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టకుండ్రి.