కొత్తగా పట్టించిన తుప్పు

అనాహైమ్ డిస్నీల్యాండ్‌లో ‘స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్’లోకి వెళ్లడానికి మూడు దార్లున్నాయి. ఫ్రాంటియర్‌ల్యాండ్ వైపు నుంచే వెళ్దామని మా మేనల్లుడు పట్టుబట్టాడు. కౌబాయ్‌ల కాలం నాటి వీధి దాటాక రాతి గుహలాంటి దారి వచ్చింది. అందులో నాలుగడుగులు వేశామో లేదో, వెనక వినిపిస్తున్న పాటలు సన్నగిల్లి, ముందు ఎక్కడో ఇంజను దగ్గుతున్న చప్పుడు మొదలైంది. అవతల తేలేసరికి మట్టిరంగు గోడలు, గుమ్మటాలు, వాటి వెనక రాయిగా మారిన మహావృక్షాల మోళ్లలాంటి శిఖరాలు. “తాతయ్యా, దారిలో అలా నిలబడిపోకు, వెనకవాళ్లు గుద్దేస్తారు” అని మేనల్లుడి కూతురు నా చెయ్యి పట్టుకుని లాగింది.

స్టార్ వార్స్ సినిమాలు తీసిన లుకాస్‌ఫిల్మ్‌ని డిస్నీ 2012లో సుమారు 400 కోట్ల డాలర్లకు కొంది. 2015 ఆగస్టులో ఈ విస్తరణ సంగతి ప్రకటించింది. 1955లో పార్కు తెరిచాక చుట్టూ ఊరు కమ్మేసింది కాబట్టి ఇక్కడ 14 ఎకరాలు దొరకడమంటే మాటలు కాదు. పిల్లలు మేకల్ని నిమురుకునే కొట్టం తీసేశారు. లోపలి నదిని కుదించి వంపు మార్చారు. రైలు పట్టాలు జరిపారు. అందుకోసం 2016 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు పడవలూ రైలూ ఆగిపోయాయి. 2019 మే 31న ఇక్కడ, ఆగస్టు 29న ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో తలుపులు తెరిచారు.

ఇంత చేసి, అభిమానులకు కంఠతా వచ్చిన గ్రహాల్లో ఒక్కటీ కట్టలేదు. బతూ అనే గ్రహం, దాని మీద బ్లాక్ స్పైర్ అనే సంత ఊరు కల్పించారు. అప్పటిదాకా వెండితెర మీద వచ్చిన స్టార్ వార్స్ సినిమాల్లో ఎక్కడా చూపించని చోటది. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్టు చూసేటప్పుడు ఇక్కడ ఫలానా సీను తీశారని వేలు పెట్టి చూపించుకుంటాం. బతూలో అలా చూపించడానికేమీ లేదు. తెలిసిన చోటికి వెళితే ఎవరి కథలోకో ప్రేక్షకుడిగా వెళ్లినట్టుంటుందనీ, తెలియని ఊళ్లో అయితే మనమే ఒక పాత్ర అవుతామనీ వాళ్ల లెక్క. సినిమాలు అరకొరగా చూసిన నాలాంటివాడికి అది బాగా కలిసొచ్చింది. అక్కడ మా మేనల్లుడూ కొత్తవాడే, నేనూ కొత్తవాణ్ణే.

నన్ను కట్టిపడేసింది గోడలు. ఒక సందులో పైపు చివర నుంచి తుప్పునీళ్లు కారి చారలు కట్టాయి. పైన ముదురు గోధుమరంగు, కిందికి వచ్చేకొద్దీ పలచనై, నేల దగ్గర పాచి ఆకుపచ్చ. పక్కనే తుపాకీ దెబ్బలకు పెచ్చులూడిన గుంటలు, వాటి అంచుల్లో మసి. వేలితో గీకి చూశాను. ఏమీ రాలలేదు. కింద సిమెంటు, పైన రంగు. నేల మీద డ్రాయిడ్‌లనే మరమనుషుల చక్రాల జాడలు కూడా తడి సిమెంటు మీద అచ్చువేసినవే. ఈ ఊరికి రూపమిచ్చినవాళ్లు మొరాకో, టర్కీ బజార్లలో తిరిగి, మనుషుల రాకపోకలకు గోడలు ఎలా అరుగుతాయో చూసొచ్చారు. పండక్కి తుప్పు గీకించి రంగులేయించే ఇళ్లలో పెరిగినవాణ్ణి, జీతాలిచ్చి తుప్పు పట్టించడం ఇక్కడే చూశాను.

సినిమాల్లోని మిలీనియం ఫాల్కన్ కూడా అంతే. 100 అడుగులకు పైగా పొడవున్న ఓడ, మాసిపోయి, అతుకులతో, ఉండుండి ఆవిరి కక్కుతూ నిలబడి ఉంది. లోపల పిలుపు వచ్చేదాకా కూర్చునే గదిలో సినిమాలోని ఆ గుండ్రటి చదరంగం బల్ల ఉంది. మేనల్లుడు దాని ముందు కూర్చుని, ఐదేళ్లవాడి మొహం పెట్టాడు. సవారీకి ఆరుగురు: ఇద్దరు పైలట్లు, ఇద్దరు గన్నర్లు, ఇద్దరు ఇంజనీర్లు. మనవరాలికీ నాకూ పైలట్ కార్డులొచ్చాయి. ఎడమ సీటుకు కుడిఎడమలు, కుడి సీటుకు ఎత్తుపల్లాలు. ఒక్కళ్ల చేతిలో సగం ఓడే ఉంటుంది. నేను కుడివైపు. “పైకి, తాతయ్యా, పైకి!” అని అది అరుస్తుండగానే కొండని రాసుకుంటూ పోయాం. మీట లాగితే చుక్కలు గీతలైన క్షణం మాత్రం వయసు గుర్తు రాలేదు. దిగి బయటికొచ్చే నడవాలో దీపాలు మిణుకుమిణుకుమంటూ, నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఓడని ఎంత గుల్ల చేస్తే ఆ నడవా అంత పాడై కనిపిస్తుందట.

రెండో సవారీ ‘రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్’ ఇక్కడ 2020 జనవరి 17న మొదలైంది. దాని గొప్ప పరుగులో లేదు, ఒక తలుపులో ఉంది. గుంపంతా ఒక రవాణా ఓడ ఎక్కి నిలబడతాం. దారిలో శత్రువులు పట్టుకుంటారు. కాసేపటికి ఎక్కిన తలుపే తెరుచుకుంటుంది. కానీ ఎక్కినప్పుడు బయట ఉన్న ఎండ, రాళ్లు లేవు. విశాలమైన నల్లటి హ్యాంగరు, అందులో బారులు తీరిన 50 మంది తెల్లకవచాల సైనికులు. మనకు తెలియకుండా గదినే తిప్పేశారని తర్వాత మేనల్లుడు చెప్పాడు. తెలిసినా ఆ తలుపు దగ్గర గుండె ఝల్లుమన్న మాట అబద్ధం కాదు. యూనిఫాంలోని అధికారిణి “కదలండి!” అని కసిరితే, నిజంగానే తప్పు చేసినవాళ్లలా కదిలాం. ఆ పైన పట్టాల్లేని బళ్లు, ఏనుగుల్ని మించిన నడిచే యంత్రాలు, చివర్లో దబ్బున పడిపోవడం. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆ తలుపు ముందు దిగదుడుపే.

ఈ ఊరు నిలబడింది సిమెంటు మీద కన్నా సిబ్బంది మీద. పగలు కలిస్తే “బ్రైట్ సన్స్” అంటారు, ధర అడిగితే డాలర్లనరు, క్రెడిట్లంటారు. నీలిపాలు అమ్మే అమ్మాయిని ఏ ఊరని అడిగాను. ఇక్కడే పుట్టానంది. కాలేజీ ఎక్కడ అన్నాను, మనవాళ్లకి ఆ ప్రశ్న ఆగదు కదా. “అక్కడ ఓడ నడపడం నేర్పుతారా?” అని అడిగింది. పక్కన మనవరాలు పకపకా నవ్వింది. ఆ పాలు పేరుకే పాలు. కొబ్బరిపాలు, బియ్యం పాలు కలిపి గడ్డకట్టించిన తీపి. నాకు రెండు గుటకలు చాలు.

కత్తుల దుకాణం దగ్గర మాత్రం నా మనసు విరిగింది. వెలుగుకత్తిని మన చేత్తో మనమే బిగించుకోవడానికి 200 డాలర్లకు పైన. చేతిలో పట్టుకుని కళ్లు చెమ్మగిల్లినవాళ్లని చూశాను గనక ఎగతాళి చేయను. కానీ డబ్బుకీ ఒక గీత ఉంటుంది. ఫ్లోరిడాలో దీనికి అనుబంధంగా 2022 మార్చిలో తెరిచిన గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ హోటల్‌లో రెండు రాత్రులకి ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లు. 2023 సెప్టెంబరు ఆఖరుకు మూసేశారు.

మా మేనల్లుడి బాధ వేరు. కట్టినప్పుడే కాలాన్ని కూడా బిగించేశారు, కొత్త సినిమాల నాటి కథే ఇక్కడ నడవాలని. అందుకే చిన్నప్పటి నుంచి వాడు కొలిచే పాత సినిమాల డార్త్ వేడర్ జాడ లేదు. అయితే అనాహైమ్‌లో 2026 ఏప్రిల్ 29 నుంచి ఆ కట్టు సడలిస్తామని, వేడర్‌తో పాటు ల్యూక్, లేయా, హాన్ సోలో ఈ వీధుల్లో తిరుగుతారని డిస్నీ ప్రకటించింది. మేం వెళ్లింది ఆ మార్పుకు ముందు. “తెలిసిన మొహాలొస్తే ఊరిని ఎవడు చూస్తాడ్రా, అందరూ ఫోటోల వరసలోనే ఉంటారు” అన్నాను. “నువ్వు గోడలు చూసుకో మామయ్యా, ఆ వరసలో మేం నిలబడతాం” అని, తిరుగుదారిలోనే వేసవి టికెట్ల ధరలు వెతకడం మొదలెట్టాడు.