రానీ... రానీ...

పెద్ద బండి వెనక్కి పెడుతుంటే చుట్టూ మూగే సలహాదారులంటే నాకు ఒళ్లు మంట. సెల్లారులో ఇన్నోవా రివర్స్ గేరు పడగానే వాచ్‌మన్ ‘రానీ రానీ’ అంటాడు. లిఫ్టు దగ్గర నిలబడ్డ పెద్దాయన ‘లెఫ్ట్ కొట్టు’ అంటాడు. లోపల కూర్చున్న బావమరిది ‘చాల్ చాల్’ అని కేకేస్తాడు. వెనక స్కూటరు మీదున్నాయన హారన్ మీంచి చెయ్యి తియ్యడు. ఇంతమంది మాట విని బండి సరిగ్గా పెట్టగల మనిషి ఎక్కడా లేడు.

నిజానికి బండి పెద్దదని బెదరాల్సిన పనిలేదు. మారుతి 800 పొడవు సుమారు 11 అడుగులు, ఇన్నోవా క్రిస్టా పొడవు పదిహేనున్నర. వెడల్పులో తేడా పదిహేను అంగుళాలే. పొడుగు బండితో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. మలుపులో వెనక చక్రం ముందు చక్రం జాడలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. అందుకే ముక్కు ముందు దూర్చినవాళ్ల బండి పక్క తలుపు స్తంభానికి రాసుకుంటుంది. వెనక చక్రాలను ముందు గడిలోకి చేర్చారా, తిరిగే చక్రాలు బయటే ఉంటాయి కనుక ముక్కు ఎటు కావాలంటే అటు సర్దుకోవచ్చు. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఆ చప్పుడు వెనక గోడ సంగతే చెబుతుంది. ముందు మూల ఏ స్తంభం మీదికి పోతోందో మన కళ్లే చూసుకోవాలి.

ధీమా అంటే ఆర్టీసీ డ్రైవరుది. ఎనిమిదడుగులు దాటిన వెడల్పున్న బస్సును హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో రెండు బస్సుల నడుమ నిలబెడతాడు. మళ్లీ కండక్టరు విజిల్ మీద వెనక్కి తీసుకుపోతాడు. 1999లో మన ఆర్టీసీ ప్రపంచంలోనే అతిపెద్ద బస్సు సంస్థగా గిన్నిస్‌కెక్కింది. అంత పెద్ద సంస్థ రోజూ కదిలింది ఈ ఇద్దరి నమ్మకం మీదే.

మా ఊరికి నైట్‌హాల్ట్ బస్సు వచ్చేది. రామాలయం ముందు తిప్పి, నీళ్ల ట్యాంకుకీ వేపచెట్టుకీ మధ్య వెనక్కి పెట్టాలి. డ్రైవరు ముందు కిందికి దిగేవాడు. ఎవరి నులకమంచం అడ్డముందో, దూడ ఎక్కడ కట్టేశారో నడిచి చూసేవాడు. ఆ తర్వాతే సీటెక్కేవాడు. కండక్టరు వెనక టార్చిలైటుతో నిలబడేవాడు. విజిల్ మోగుతుంటే బస్సు కదిలేది, ఆగితే ఆగేది. మధ్యలో ఇంకెవరు నోరు తెరిచినా, సర్పంచి అయినా సరే, డ్రైవరు బ్రేకు తొక్కి కూర్చునేవాడు. ఊరంతా మాట మానేదాకా బస్సు అంగుళం కదలదు. అంత నెమ్మదిగా, అంత నిబ్బరంగా పనిచేసే మనిషిని నేను తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

బస్సు పెట్టేశాక ఇద్దరూ బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. మా నాయనమ్మ వాళ్లకు గోంగూర పచ్చడి, మజ్జిగ పంపేది. “అయ్యా, రేపు మా కోడల్ని టౌనాసుపత్రికి తీసుకెళ్లాలి, రెండు నిమిషాలు చూడు” అంటే, “చూస్తాలే అమ్మా” అనేవాడు డ్రైవరు. చూసేవాడు కూడా. తెల్లవారుజామున ఆ బస్సు హారన్ కొడితేనే ఊళ్లో పొయ్యిలు వెలిగేవి. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, పురిటికి పోయే ఆడకూతుళ్లు, అందరూ అందులోనే. ఆ బస్సులు చాలా ఊళ్లకు తగ్గిపోయాయి. వాటితోపాటు ఆ ఓపికా తగ్గిపోయింది.

కాబట్టి నా మనవి ఇదే. బండి తోలేవారు ముందు దిగి చోటు చూసుకోండి, తర్వాత ఒక్కరి మాటే వినండి. చుట్టూ ఉన్నవారు ఆ ఒక్కరికీ చోటిచ్చి మౌనంగా ఉండండి. వెనకున్నవారు హారన్ కొట్టకండి, ఆ బండి ఒక్క నిమిషంలో లోపలికి పోతుంది.