పలుకుబడి

ఈ సావనీరులో క్రికెట్ గురించి ఎవరో ఒకరు రాసే ఉంటారు. మధురవాడ వాణ్ణి కాబట్టి నేనూ రాయగలను. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన స్టేడియం మా ఇంటికి నడిచి వెళ్ళేటంత దూరం. కానీ మా ఇంట్లో సాయంత్రాలు సాగే ఆట వేరు. దాని పేరు గో. చైనాలో పుట్టి జపాన్, కొరియాల్లో పెరిగింది. అడ్డం 19, నిలువు 19 గీతలు, 361 కూడళ్ళు. ఒకరు నల్లరాయి, ఒకరు తెల్లరాయి వంతులవారీగా పెడుతూ పోవడమే. పెట్టిన రాయి కదలదు. చుట్టూ ఊపిరాడకుండా మూసేస్తే మాత్రం ఎత్తి అవతల పెడతారు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్ళదే గెలుపు. మాకు రాళ్ళెక్కడివి? చింతపిక్కలే. గచ్చు మీద అరగదీసినవి తెల్లవి, తీయనివి నల్లవి.

నాతో ఆడేది మా తాతయ్య. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పోయాయి. మిగిలిన మాట ఒక్కటే, ‘ఏటి’. ఆకలేసినా ఏటి, కోపమొచ్చినా ఏటి. చిన్నప్పుడు నాకు పులి-మేక నేర్పింది ఆయనే. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి తింటుంది. మేకకి ఆ యోగం లేదు, అన్నీ కూడి పులికి దారి లేకుండా చెయ్యడమే దాని పని. తాతయ్య ఎప్పుడూ మేకల పక్షమే. ఆ చూపు గోలో ఎంత పనికొస్తుందో రెండు నెలల్లో నాకు తెలిసొచ్చింది.

మొదట మూలలు, తర్వాత పక్కలు. అంతవరకూ ఎవరైనా ఆడతారు. అసలు చిక్కంతా మధ్య ఆటలో. అంచు నుంచి మూడో గీత మీద రాయి పెడితే చోటు వస్తుంది; నాలుగో గీత మీద పెడితే పలుకుబడి వస్తుంది. పలుకుబడి అంటే ఇంకా ఏదీ సొంతమైనట్టు కాదు. కానీ అటు వచ్చినవాడు జంకాలి. తాతయ్య నన్ను హాయిగా రెండో గీత మీద పాకనిస్తాడు. నాకు అడుక్కొక చోటు దక్కుతుంది, ఆయనకి బయటవైపు గోడ లేస్తుంది.

గోడ లేచాక దాని పక్కనే కంచె వేసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. అది దండగ. అన్ని రాళ్ళు ఖర్చుపెట్టి గుప్పెడు చోటా? గోడ ఉన్నది ఎదుటివాణ్ణి దానివైపు తరమడానికి. తాతయ్య నా బలహీనమైన గుంపుని ముట్టుకోడు. అది మధ్యకి పారిపోయే దారిలో, కాస్త ఎడం వదిలి, నెత్తిమీద ఒక పిక్క పెడతాడు. జపాన్ వాళ్ళు దీన్ని ‘బోషి’ అంటారు, అంటే టోపీ. గుంపు బతకాలంటే లోపల రెండు ఖాళీ కళ్ళుండాలి. వాటికోసం నేను పరిగెడతాను. ఆయన చంపడు. నేను బతికి బయటపడేసరికి, తరుముతూ పెట్టిన పిక్కలన్నీ కలిసి అవతల ఆయనకి పొలం కట్టి ఉంటాయి.

ఇంకో జిత్తు ఉంది. తూర్పున కొట్టదలిస్తే ముందు పడమట ఒరుసుకుంటాడు. అక్కడ నేను జవాబు చెప్పేకొద్దీ ఆయన గట్టిపడతాడు. ఆ బలంతో తూర్పుకి తిరుగుతాడు.

జపాన్‌లో తకెమియా మసాకి ఇలా మధ్యభాగాన్నే నమ్ముకుని పేరు తెచ్చుకున్నాడు. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాము లీ సెడాల్‌ని 4-1తో ఓడించింది. రెండో ఆట 37వ ఎత్తులో అది అయిదో గీత మీద పెట్టిన రాయి చూసి వ్యాఖ్యాతలే పొరపాటేమో అనుకున్నారు. ఆ ఆట ఫోనులో చూపిస్తే, తాతయ్య ఆ రాయి మీద వేలు పెట్టి ‘ఏటి’ అన్నాడు, ఇందులో వింతేముందిరా అన్నట్టు.

ఇంటికొచ్చిన చుట్టాలు ఆయన ఎదుటే, ఆయన అక్కడ లేనట్టు మాట్లాడతారు. కొమ్మాది దగ్గరి స్థలం అమ్మే సంగతీ అలాగే తేల్చేశారు. వేలిముద్ర చాలునన్నారు. నాకు కడుపు మండింది. పలుకు పోతే పలుకుబడీ పోతుందనుకుంటారు కాబోలు. ఒక్కసారి ఎదురుగా కూర్చుని నలభై ఎత్తులు ఆడమనండి!

జూన్‌లో నేను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాలి. అందుకని అమ్మకి నేర్పుతున్నాను. ఆవిడకి ఇంకా పిక్కలు తినడం మీదే యావ. నిన్న రెండు తిని సంబరపడుతుంటే, తాతయ్య నాకేసి చూసి, మెల్లిగా నడిమధ్యన ఒక పిక్క పెట్టాడు.