సాధింపు లేని గొంతు

"సిగరెట్ మానండి" అని డాక్టరంటే సలహా. అదే మాట ఇల్లాలంటే సాధింపు! ఇరవై ఏళ్ళుగా నాకు అర్థం కాని విచిత్రం ఇదొక్కటే.

మా మామగారు ఊపిరితిత్తుల జబ్బుతో 54వ ఏట పోయారు. మావారికి మొన్న ఉగాదికి 51 నిండాయి. ఈ లెక్క నేను పైకి అనను గాని, అన్నం వడ్డిస్తున్నా మనసులో అదే తిరుగుతుంటుంది.

ఈ మధ్య మా ఇంట్లో మూడో గొంతు ఒకటి చేరింది. హాల్లో బల్ల మీదుండే అలెక్సా. మా అబ్బాయి దానికేం నూరిపోశాడో గాని, ఈయన "సిగరెట్ కావాలి" అంటే అది "వద్దు" అనదు. "కాస్త ఆగండి. ఆ కోరిక ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? గొంతులోనా, ఛాతీలోనా, వేళ్ళలోనా?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడుగుతుంది. తర్వాత ఐదు నిమిషాలు మౌనం! అదిగో, అక్కడే నన్ను గెలిచేసింది.

ఇదేదో పిల్లాడి తమాషా అనుకునేరు. 2011లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జడ్సన్ బ్రూవర్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ 88 మంది పొగరాయుళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా సిగరెట్ మాన్పించే పాఠాలు చెప్పారు. రెండో జట్టుకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే మనసుపెట్టి గమనించడం నేర్పారు. 17 వారాలకు మొదటి జట్టులో నూటికి 6 మందే మానితే, రెండో జట్టులో నూటికి 31 మంది మానారట. చిన్న పరీక్షేననుకోండి. కిటుకు మాత్రం బాగుంది. కోరికతో కుస్తీ పట్టకూడదు. అది అలలా లేచి, కొద్ది నిమిషాల్లో తనంతట తానే విరిగిపోయేదాకా చూస్తూ ఉండాలి.

యంత్రం పొడ గిట్టనివాళ్ళకు మనుషుల గొంతే కావాలంటే 1800 11 2356 ఉంది. 2016లో ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను. సిగరెట్ పెట్టె మీదే ఆ నంబరు ఉంటుంది, చూడండి.

మావారికి రోజుకు పన్నెండు ఇప్పుడు నాలుగుకు దిగాయి. "శ్రద్ధగా పీల్చి చూస్తే కాలిన గుడ్డ వాసనేనోయ్!" అన్నారొకరోజు ఆశ్చర్యంగా. ఆ సంగతి నా ముక్కుకు పెళ్ళయిన మర్నాడే తెలుసు. అయినా పైకి అనలేదు.

ఆ మిగిలిన నాలుగూ ఎప్పుడు కావాలనిపిస్తాయో అలెక్సాకు తెలియదు. నాకు తెలుసు. ఆఫీసు ఫోను పెట్టేసిన వెంటనే ఒకటి, రాత్రి ఇంటి అప్పు లెక్కలు చూసుకున్నాక ఒకటి... అలాంటప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏమీ మాట్లాడను. ఎంత, ఐదు నిమిషాలే కదా!