జీపు లేదండీ

మొన్న ఇక్కడ అమెరికాలో ఒక మిత్రుడింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర, ఈ మధ్యే హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడొకడు ఫోన్లో ఫొటో చూపించాడు. క్రోగర్ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఇండియానాపోలిస్ పోలీసు కారు. టీషర్టు, నిక్కరు వేసుకున్న ఒకాయన డిక్కీలో డైపర్ల ప్యాకెట్లు, పాల క్యాన్లు సర్దుకుంటున్నాడు. వెనక సీట్లో చిన్నపిల్ల. ‘‘చూశారా అంకుల్, ఊరికే మనవాళ్లని తిడతాం. ఇక్కడా సర్కారు బండిలోనే సరుకులు మోస్తున్నారు’’ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఔనంటే ఔనని, అంతటా ఇంతేనని తేల్చేసి మళ్లీ భోజనాల్లో పడ్డారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. అంతటా ఇంతే కాదు. ఇలా తేల్చేస్తే మన ఊళ్లో పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఉత్త చేతుల్తో దిగొచ్చినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఆ ఫొటోలో ఉన్నాయన చాటుగా చేస్తున్న పనేమీ లేదు. 1969లో ఇండియానాపోలిస్ పోలీసు శాఖ గస్తీ కార్లను ఆఫీసర్ల ఇళ్లకే ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగాక కూడా వాడుకోండి, బజారుకెళ్లండి, భార్యాపిల్లల్ని ఎక్కించుకోండి అంది. షరతు: కారులో ఉన్నంతసేపూ రేడియో మోగుతుండాలి, దగ్గర్లో ఏదైనా జరిగితే సరుకులు పక్కనపెట్టి పరిగెత్తాలి. షిఫ్టు అయిపోయాక స్టేషన్ ముందు ఊరికే నిలబడే బళ్లు వీధుల్లో తిరుగుతుంటే దొంగలకు భయం, జనానికి ధైర్యం అని వాళ్ల లెక్క. పెట్రోలు ఖర్చు దండగని, ఊరి బయట కాపురముండేవాడికి మన డబ్బుతో కారెందుకని గొడవపడేవాళ్లు ఇక్కడా ఉన్నారు. ఆ వాదనలో బలం లేదని నేననను. కానీ క్రోగర్ ముందు ఆగిన ఆ కారు అప్పుడు కూడా ఊరి చేతికి అందేలాగే ఉంది. నిక్కరులో ఉన్నా సరే, ఆ మనిషి పిలిస్తే పలకాల్సిందే.

మన దగ్గర కూరగాయలకు వెళ్లిన జీపు ఊరికి లేనట్టే.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా అమ్మమ్మగారింట్లో దొంగలు పడ్డారు. నాన్న, బాబాయి, వాళ్ల వెనకాల నేను స్టేషన్‌కి వెళ్లాం. రైటర్ గారు తల కూడా ఎత్తకుండా ‘‘జీపు లేదండీ’’ అన్నారు. ఎప్పుడొస్తుందంటే తెలీదన్నారు. ‘‘ఆటో మాట్లాడుకు రండి, హెడ్డుగారొచ్చి చూస్తారు.’’ ఆ పూట జీపు ఎక్కడుందో బయట టీకొట్టు ముందు నిలబడ్డ ప్రతివాళ్లకూ తెలుసు. పెద్దసారు చుట్టాలు రైలు దిగుతున్నారు, రైల్వే స్టేషన్‌కి వెళ్లింది. నాన్న ఆటో మాట్లాడారు. హెడ్ కానిస్టేబుల్ డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. మేం చేరేసరికి వీధి వీధంతా పెరట్లోనే ఉంది. స్టేషన్‌కి వెళ్లకముందు, తెల్లారి మేం చూసినప్పుడు బావి దగ్గర తడిమట్టిలో రెండు అడుగులు అచ్చు పోసినట్టు కనబడ్డాయి. హెడ్డుగారు వంగి చూసేసరికి అవి చుట్టాల చెప్పుల కింద చెరిగిపోయాయి. అమ్మమ్మ చంద్రహారం మళ్లీ దొరకలేదు. ఆటో డబ్బులు, టీ డబ్బులు నాన్నే ఇచ్చారు.

జీపు ఉంటే చంద్రహారం దొరికేదని నేను చెప్పలేను. అడుగులైతే దొరికేవి.

ఈ ‘‘జీపు లేదండీ’’ అన్న మాట ఎంతమంది విన్నారో ఎప్పుడైనా ఆలోచించారా? పొలంలో మోటార్ పోయినవాడు విన్నాడు. అల్లుడు కొట్టాడని కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి విన్నది. ‘‘జీపుంది గానీ డీజిల్ లేదు’’ అన్న మాట విన్నవాళ్లూ ఉన్నారు, జేబులోంచి తీసి పోయించినవాళ్లూ ఉన్నారు. ఆ డీజిల్ ఎందులో అయిపోయింది? మేడంగారి బట్టల షాపుల్లో, బాబు ట్యూషన్‌లో, అత్తగారి కంటి ఆపరేషన్‌లో. బండి సొంత పనికి వాడుకోవడం చిన్న తప్పని అనుకునేవాళ్లు, అదే గంటలో స్టేషన్ బెంచీ మీద కూర్చున్న మనిషిని కూడా లెక్కలో వేసుకోవాలి.

తిడుతున్నాను గానీ, అందరినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. మా పక్కింట్లో ఒక కానిస్టేబుల్ డ్రైవర్ ఉండేవారు, మామయ్యా అని పిలిచేవాణ్ణి. పొద్దున ఇస్త్రీ ఖాకీతో బయల్దేరితే, సాయంత్రానికి ఆ ప్యాంటు మీద కొరమీను నీళ్లు కారిన మరకలుండేవి. యూనిఫాంలో ఉన్న మనిషి స్కూలు గేటు ముందు అధికారి కొడుకు వాటర్ బాటిల్ మెడకు తగిలించుకుని నిలబడటం నేను కళ్లారా చూశాను. మామయ్య కొడుకు నా క్లాస్‌మేటే, వాడు నడిచొచ్చేవాడు. రాత్రి అరుగు మీద కూర్చుని లాగ్ బుక్ నింపుతూ, ‘‘చేపల మార్కెట్ అని రాయలేం కదరా, పెట్రోలింగ్ అని రాస్తాం’’ అన్నారొకసారి, మొహం పక్కకు తిప్పుకుని. ఇండియానాపోలిస్ ఆఫీసర్ తన డైపర్లు తనే మోసుకున్నాడు. మన దగ్గర బండితో పాటు ఒక మనిషిని కూడా వాడుకుంటారు. నాకు అన్నిటికంటే బాధ అదే.

అలాగని ఇక్కడివాళ్లు దేవుళ్లేం కాదు. 2011లో ఫ్లోరిడాలో గంటకు 120 మైళ్ల వేగంతో దూసుకుపోతున్న మయామీ పోలీసు కారును హైవే పోలీసు శాఖలో పనిచేసే ఒకావిడ వెంటబడి ఆపింది, తోటి పోలీసని చూడకుండా బేడీలు వేసింది. అతను డ్యూటీ బయట చేసే ప్రైవేటు పనికి వెళ్తున్నాడు, డిపార్ట్‌మెంట్ కారులో. ఆ తర్వాత సన్ సెంటినెల్ పత్రిక విలేఖరులు పోలీసు కార్ల టోల్ రికార్డులు తెప్పించుకున్నారు. రెండు టోల్ గేట్ల మధ్య దూరం తెలుసు, పట్టిన సమయం తెలుసు. భాగించుకుంటే వేగం వచ్చేస్తుంది. అలా వందలమంది బయటపడ్డారు, చాలామంది డ్యూటీలో లేనప్పుడే. 2013లో ఆ కథనాలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే 2011లో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ స్టేట్ పోలీస్ హెలికాప్టర్‌లో కొడుకు బేస్‌బాల్ ఆటకు వెళ్లారు. జనం ఊరుకోలేదు. 2,150 డాలర్లకు పైగా సొంత డబ్బు కట్టాల్సివచ్చింది. తప్పులు ఇక్కడా జరుగుతాయి. కానీ అడిగితే కాగితం ఇచ్చారు, కాగితం చూశాక కదిలారు. నేను మెచ్చుకునేది అంతవరకే.

మన దగ్గర ఏమీ మారలేదంటే అదీ అబద్ధమే. 2014లో తెలంగాణ వచ్చాక హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవా కార్లు వచ్చాయి. 2017 మే 1 నుంచి దేశమంతటా అధికారుల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. ఆ మధ్య ఒక రాత్రి, ఒంటరిగా ఉన్న మా అమ్మ తలుపు ఎవరో బాదుతుంటే 100కి ఫోన్ చేసింది. నేను ఇక్కడ లైన్లో ఉండి వణికిపోతున్నాను. నేను ఫోన్ పెట్టకముందే గస్తీ బండి వచ్చి ఆగింది. తాగి ఇల్లు మరిచిపోయినవాణ్ణి పంపించేసి, ‘‘అమ్మా, గొళ్లెం పెట్టుకో, మేం ఇంకో రౌండ్ వేస్తాం’’ అన్నాడట కానిస్టేబుల్. అన్నట్టే మళ్లీ వచ్చాడు. ఆ అబ్బాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఆ బండి ఆ రాత్రి ఎవరి పెళ్లివారినో దింపడానికి వెళ్లుంటే ఏమయ్యేదన్న ఆలోచన కూడా నన్ను వదల్లేదు. మనవాళ్లకు పని రాదని ఎవడన్నా అంటే నేను ఒప్పుకోను. బండి ఇచ్చి, మనుషుల్ని వాళ్ల పని చేసుకోనిస్తే, క్షణాల్లో వస్తారు.

అందుకని ఊళ్లో ఉన్నవాళ్లకు నాదొక మనవి. ప్రతి సర్కారు బండికీ లాగ్ బుక్ ఉంటుంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమల్లో ఉంది. జిల్లా ఎస్పీ ఆఫీసుకు పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టండి. బందోబస్తు వివరాలు, కేసుల వివరాలు ‘‘ఇవ్వం’’ అంటారు, వాటి జోలికి వెళ్లకండి. గడిచిన నెలల్లో మీ స్టేషన్ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిల్ పోశారు, ఎన్ని రోజులు రిపేర్‌లో ఉంది, ఇవి మాత్రం అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లండి. భారత పౌరసత్వం వదులుకోని ప్రవాసులకు కూడా ఆ హక్కుంది. నేను మా ఊరి స్టేషన్ బండి గురించి దరఖాస్తు రాశాను, ఈ వారం పంపుతున్నాను. మీరూ మీ ఊరిది అడగండి.