కర్నూలు నుండి కడలి దాకా

సెలవులు సమీపించుచున్నవనగా విద్యార్థులకెంత ఉత్సాహమో అధ్యాపకులకును అంతే ఉత్సాహము. అయితే విద్యార్థి దానిని దాచుకొనడు, అధ్యాపకుడు దాచుకొనును. ఈ సంక్రాంతి సెలవులకు సకుటుంబముగా మన రాష్ట్రములోని కొన్ని పట్టణములు చూచి రావలెనని సంకల్పించి, గత మూడు మాసములుగా ఒక పటమును, ఒక జమాఖర్చుల పుస్తకమును, ఫోనులోని రైళ్ళ వేళలను ముందు పెట్టుకొని కూర్చున్నాను. ప్రయాణమింకను జరుగలేదు. జరిగిన తరువాత వ్రాసెడి యాత్రా వ్యాసములు మన సంచికలో ఏటేటా వచ్చుచునే యున్నవి. ప్రయాణమునకు ముందు ఇంటిలో జరిగెడి చర్చ వానికంటె ఆసక్తికరమని నా అభిప్రాయము.

మా యింటిలో ఐదుగురము. అమ్మీకి అరువదెనిమిదేండ్లు. మోకాళ్ళు రెండును అరిగినవనియు, వచ్చే వేసవిలో శస్త్రచికిత్స తప్పదనియు వైద్యులు చెప్పియున్నారు. నా భార్య, ఎనిమిదవ తరగతి చదువుచున్న అమ్మాయి, ఐదవ తరగతి అబ్బాయి. మా యింటి భాష ఉర్దూ. ఆ మాటలనే ఇక్కడ తెనుగున వ్రాయుచున్నాను. "ఎక్కడికి పోదాం?" అని ఒక రాత్రి భోజనముల వేళ అడిగినాను. అబ్బాయి తడుముకొనక "విశాఖపట్నం" అన్నాడు. 2002 నుండి అచ్చటి సముద్రపుటొడ్డున ప్రదర్శనశాలగా నిలిపియుంచిన కుర్సురా జలాంతర్గామిలోనికి దూరి చూడవలెనని వాని కోరిక. అమ్మాయి అరకులోయ అన్నది. నా భార్య కడప అన్నది; పెద్ద దర్గాకు ఆమె చిన్ననాడెప్పుడో పోయినదట. కడప మాట వినగానే నేను లోలోపల సంతోషించినాను, ఏలయనగా బ్రౌను దొరగారు నివసించిన చోట వెలసిన గ్రంథాలయము అక్కడ కలదు. తెలుగు ఉపన్యాసకుడనై యుండి, 1852 నాటి ఆయన నిఘంటువును నిత్యము తిరుగవేయుచు, ఆ స్థలము చూడకపోవుట నాకు వెలితిగానే యున్నది. అమ్మీ చాలసేపు మాటాడలేదు. తరువాత "నెల్లూరు" అన్నది. మరల తానే, "వద్దులే, సముద్రం చూపించు, చాలు" అన్నది.

అరువదెనిమిదేండ్ల జీవితములో ఆమె సముద్రమును చూడలేదు. మన రాష్ట్రమునకు సుమారు 1,000 కిలోమీటర్ల తీరమున్నదని నేనే పిల్లలకు పాఠములు చెప్పియున్నాను.

నెల్లూరు మాట ఎందుకు వచ్చినదో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా కలదు. మొహర్రం మాసమున అచ్చట రొట్టెల పండుగ. కోరిక గలవారు, ఆ కోరిక నెరవేరినవారి చేతినుండి ఒక రొట్టె అందుకొందురు; తమ కోరిక తీరిన పిమ్మట తామును ఒక రొట్టె తెచ్చి మరియొకరికిత్తురు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెండ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని వానికి పేర్లు. ఇచ్చువారిది ఏ మతమో, పుచ్చుకొనువారిది ఏ మతమో ఆ నీటిలో నిలుచుండి అడుగువారు లేరు. అమ్మీకి కావలసినది ఆరోగ్య రొట్టె. కాని హిజ్రీ సంవత్సరము సౌరసంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ గనుక ఆ పండుగ ఏటేటా ముందునకు జరుగుచుండును. 2025లో అది జూలైలో వచ్చినది. అవి కళాశాల నడచు దినములు. వ్రేళ్ళు మడిచి లెక్కించగా 2029లో మే మాసాంతమునకు, అనగా మన వేసవి సెలవులలోనికి వచ్చునని తేలినది. ఆ మాటయే చెప్పినాను. "అది నీ లెక్క. నా మోకాళ్ళ లెక్క వేరే ఉంది" అన్నది అమ్మీ. దానికి నాయొద్ద సమాధానము లేకపోయినది.

ఋతువును నిర్ణయించుటయు అంత సులభము కాలేదు. వేసవిలో మన కర్నూలు ఎండకు అలవాటుపడినవారికి సైతము కోస్తా ఉక్కపోత దుర్భరము. దసరా సెలవులు చక్కగానే యుండును గాని, అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతమును నమ్మరాదు. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో ఏమి జరిగినదో ఇప్పటికిని పెద్దలు చెప్పుచుందురు. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకొనిపోయి వేలాది ప్రాణములు పోయినవి. మోకాళ్ళ నొప్పులుగల తల్లిని వెంటబెట్టుకొని అటువంటి మాసములో సముద్రతీరమునకు పోవుట వివేకము కాదు. సంక్రాంతికి రైళ్ళలో రద్దీ యుండును. అయినను రద్దీని సహింపవచ్చును.

ఇక దారి. దీనిని నిర్ణయించినవాడను నేను కాను.

మా తండ్రిగారు కర్నూలులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. ముప్పది సంవత్సరములు బిల్టీలు వ్రాసినారు. గుంటూరుకు ఇన్ని బస్తాలు, బెజవాడకు ఇన్ని పెట్టెలు, కాకినాడకు ఇన్ని మోపులు; ఆ ఊళ్ళ పేర్లన్నియు ఆయన నోటి చివర నుండెడివి. వానిలో ఆయన కండ్లార చూచినవి బహు స్వల్పము. ఆయన గతించి ఆరేండ్లయినది. ప్రయాణపు ఖర్చు వ్రాసికొనుటకు ఖాళీ పుస్తకము వెదకుచుండగా అమ్మీ తన ట్రంకుపెట్టెనుండి ఆయన పాత లెక్కల పుస్తకమొకటి తీసియిచ్చినది. దాని కడపటి పుటలో ఉర్దూ లిపిలో ఊళ్ళ పట్టిక యున్నది. నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు, బెజవాడ, బందర్. ఉర్దూలో హ్రస్వాచ్చులకు సాధారణముగా గుర్తులు వేయరు గనుక కంభమును అమ్మాయి మొదట కుంభమని చదివినది. అబ్బాయి ఇప్పుడిప్పుడే ఉర్దూ నేర్చుకొనుచున్నాడు. వాడు చివరి మాటను కూడబలుకుకొని చదివి, "అబ్బా! దాదా కోతిని చూడబోయినాడా?" అన్నాడు. మనవారి నోట బందర్ అనగా కోతియును, ఫారసీనుండి వచ్చిన బందర్ అనగా ఓడరేవును. వ్రాత రెండింటికిని ఒక్కటే. ఇంటిల్లిపాదియు నవ్వినాము.

ఒక్కొక్క పేరునకెదురుగా ఒక అంకె యున్నది. సరకుల కిరాయి యనుకొన్నాను. కాని కూడి చూడగా, రెండు నిండు టికెట్లు, మూడు అర టికెట్లు చొప్పున వేసిన బస్సు చార్జీలవి. మేము ముగ్గురము పిల్లలము. బందరు క్రింద చార్జీ లేదు. "సమందర్" అను ఒక్క మాట మాత్రమున్నది.

"నీకు తెలుసా అమ్మీ?" అని అడిగినాను.

"తెలియకేం. ఆ ఏడు నీకు టైఫాయిడ్ వచ్చింది" అని ఆమె పళ్ళెములు సర్దుకొనుచు లోపలికి పోయినది.

ఆ దినముతో విశాఖపట్నము, అరకు, కడప పటమునుండి తొలగిపోయినవి. అబ్బాయి రెండు దినములు అలిగినాడు. కడప ఆదివారము కలిసివచ్చినపుడు పోయిరాగల దూరమేనని నా భార్య తనంతట తానే అన్నది. నాకును ఒక కోరిక యుండెను, దానినీ మానుకొన్నాను. ఉమర్ ఆలీషా కవిగారి పిఠాపురము చూడవలెనని ఎం.ఏ. చదువు దినములనుండి అనుకొనుచున్నాను. ఫారసీనుండి ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెలుగు పద్యములుగా దించిన ఆ మహనీయుడు కేంద్ర శాసనసభలో సభ్యుడుగా కూడ నుండెను. ముస్లిమునకు తెలుగు పద్యమేమిటని నన్నడిగినవారికి నేను చెప్పెడి మొదటి పేరు ఆయనదే. కాని పిఠాపురము పోవలెనన్న బందరునుండి గోదావరి దాటి మరియొక రాత్రి బస చేయవలెను. చేతనున్నవి ముప్పదివేలు. అమ్మీ ఓపిక అంతకంటె తక్కువ.

మా తండ్రిగారి పట్టికను పటముపై పెట్టి చూడగా అది గుంతకల్లు - గుంటూరు రైలుదారికి ఇంచుమించు సరిపోయినది. పూర్వమది మీటరుగేజి, 1990ల దశకములో బ్రాడ్‌గేజి యైనది. కర్నూలునుండి నంద్యాల వరకు బస్సు, అక్కడినుండి రైలు. పగటి రైలునే ఎన్నుకొన్నాను. గాజులపల్లె దాటిన పిమ్మట దిగువమెట్ట వరకు రైలు నల్లమల నడిమినుండి పోవును. ఆ కొండలు, ఆ సొరంగము, ఆ వెదురు పొదలు రాత్రి రైలులో నిద్రపోయి పోగొట్టుకొనవలసినవి కావు.

మార్కాపురములో మా ఖాలా కూతురి ఇల్లున్నది, రెండు రాత్రులు అక్కడనే. నడుమ ఒక పూట వెనుకకు వచ్చి కంభం చెరువు చూడవలెను. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల సందును కట్టగట్టి నిలిపిన నీరది. శ్రీకృష్ణదేవరాయల దేవేరులలో నొకరైన గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ త్రవ్వించినదని పరంపరగా చెప్పుకొందురు. సముద్రము చూడబోవుచు చెరువేమిటని అమ్మాయి వాదించినది. మన సీమలో చెరువే సముద్రమని ఆమెకు నచ్చచెప్పవలసి వచ్చినది. మార్కాపురపు పలకలమీద అక్షరములు దిద్దనివారు మా తరములో అరుదు. నా పలక విరిగిన ప్రతిసారియు మా తండ్రిగారు ఆ వైపునుండి వచ్చెడి లారీ డ్రైవరుచేత మరియొకటి తెప్పించెడివారు.

వినుకొండలో దిగవలెనన్నది నా పట్టుదల. అక్కడ చూడదగిన దేమున్నదని నా భార్య అడిగినది. 1895లో జాషువా కవి పుట్టిన ఊరది, నాకంతే చాలును. అంటరానివాడని అవమానముల పాలయిన ఆ కవి ఎక్కడి ఇరాను కవిని తనవానిగా చేసికొని 1932లో పిరదౌసి కావ్యము వెలువరించినాడు! బంగారు నాణెములిత్తునని షాహనామా వ్రాయించుకొని వెండి నాణెములు పంపిన సుల్తాను కథను, వినుకొండలో పుట్టిన ఒక పేద తెలుగువాడు తన గుండెకోతగా చెప్పినాడు. ఆ కావ్యము పాఠము చెప్పునపుడెల్ల మన తరగతిలో ఉర్దూ తెలిసిన పిల్లలు తలలెత్తి చూచెదరు. రైలుకు రైలుకు నడుమ రెండు గంటల వ్యవధి కలదు. ఒక వీధిలో నడచి, ఒక టీ త్రాగి వచ్చెదను. అమ్మీ స్టేషనులో కూర్చుండును.

నరసరావుపేట, గుంటూరు, బెజవాడ రైలు కిటికీనుండియే.

తక్కిన మూడు దినములును బందరునకే. బెజవాడనుండి సుమారు 70 కిలోమీటర్లు. మచిలీపట్నమనగా మఛ్లీల పట్టణమని, చేపల ఊరని, అమ్మీ నమ్మకము. ఆ నమ్మకమును నేను చెరుపలేదు. గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు అదియే. 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానము పెట్టిరి. డచ్చివారును అక్కడ వర్తకము చేసిరి. వారి సమాధులు ఇప్పటికిని ఉన్నవి. అచ్చటినుండి ఓడలు ఒకవైపు పెగూ, అరకానులకు, మరొకవైపు పారశీకమునకు, ఎర్రసముద్రమునకు పోయెడివి. హజ్ యాత్రికులు సైతము ఆ రేవులో ఓడలెక్కిరి. ఈ సంగతి విన్న తరువాత అమ్మీ బందరును గూర్చి మాటాడు తీరే మారినది. ప్రక్కనున్న పెడనలో అద్దకపు పనివారి ఇండ్లు చూడవలెనని నా భార్యకు కోరిక. కరక్కాయ కషాయములో తడిపిన బట్టమీద చెక్క అచ్చులతో అద్దుదురు. ఇనుము, బెల్లము కలిపి పులియబెట్టినచో నలుపు వచ్చును. పటికతో అద్ది వండినచో ఎరుపు తేలును. పేరు కలంకారీ, అనగా కలముపని. ఆ మాటయు ఫారసీయే. శ్రీకాళహస్తిలో మాత్రము నేటికిని కలముతోనే వ్రాయుదురు.

కళాశాల కమిటీ పెద్దలు ఈ సంచికను చదువుదురని యెరిగియే ఒక సంగతి వ్రాయుచున్నాను. ఈ పటము పరచుకొనిన దినములలో ద్వితీయ సంవత్సరము తరగతిలో, "మీలో సముద్రము చూచినవారెందరు?" అని అడిగినాను. నలుబదియిద్దరిలో ఆరుగురు చేతులెత్తిరి. ఆరుగురును బాలురే. ఒక విద్యార్థిని లేచి, "మీరు చూచివచ్చి చెప్పండి సార్, వింటాము" అన్నది. నవ్వుచునే అన్నది. ఆమెతోపాటు తక్కిన బాలికలును నవ్విరి. బాలికలను విహారయాత్రకు పంపుటకు తలిదండ్రులు జంకుదురనుట సత్యమే. తల్లులను వెంట రానిచ్చినచో పంపెదరని నేను నలుగురైదుగురిని విచారించి తెలిసికొన్నాను. ఎక్కడ దిగవలెను, ఎక్కడ శుభ్రమైన బస దొరకును, మన భోజనమునకు వీలెక్కడ, నమాజుకు చోటెక్కడ, ఖర్చెంత అను వివరములన్నియు ఈ ప్రయాణములో వ్రాసికొని వచ్చి, ఆ కాగితమును కమిటీవారి ముందుంచగలను. తరువాతి సంగతి వారి దయ.

టికెట్లు దొరకినవి. అమ్మీకి క్రింది బెర్తు. ఆమె సామాను ఇప్పుడే ఒక మూల చేరినది: జానమాజు, నొప్పుల తైలము, రెండు దినములకు చాలు జొన్నరొట్టెలకు పిండి, గోంగూర పచ్చడి సీసా. నిన్న రాత్రి నన్ను పిలిచి, "రైలు దిగగానే కనిపిస్తుందా?" అని అడిగినది. ఊరు వేరు, సముద్రము వేరనియు, ఊరినుండి మంగినపూడికి సుమారు పది కిలోమీటర్లు ఆటోలో పోవలెననియు చెప్పినాను.

"ఆటో అబ్బాయికి ముందే చెప్పు బేటా, నీళ్ళదాకా పోనిమ్మని. ఇసుకలో నేను నడవలేను."

అక్కడ ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువయని పుస్తకములలో చదివియుంటిని. మన రేగడి వంటిదేనని చెప్పినాను. "అయితే నడుస్తాలే" అన్నది.